సాక్షి వెనక్కి తగ్గిన రోజు

"ఇంకోసారి చెప్పండి జెస్సికా," అంది మైథిలి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి డైనింగ్ టేబుల్ మీద ఉంచుతూ.

అవతల లాయరు అదే మాట మళ్ళీ చెప్పింది, ఈసారి నిదానంగా. ధరణి సాక్ష్యం చెప్పనంటోంది. తను ఏమీ చూడలేదని, ఏమీ వినలేదని కంపెనీ హెచ్.ఆర్. వాళ్ళకు రాసిచ్చింది కూడా.

"వాళ్ళ రాజీ ప్రతిపాదన రేపు సాయంత్రం వరకే. సోమవారం విచారణకు వెళ్తే మాత్రం, ఒకవైపు మీ ఒక్కరి మాట, రెండోవైపు ఆ టీమ్ మొత్తం మాట. నేను బలవంతపెట్టను మైథిలీ. ఆలోచించుకోండి."

ఫోన్ పెట్టేశాక డిష్‌వాషర్ చప్పుడు ఒక్కటే మిగిలింది.

టేబుల్‌కి ఆ చివర లాప్‌టాప్ ముందు కూర్చున్న ఆమె భర్త చక్రధర్ ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు.

"పోనీలే," అన్నాడు.

"పోనీలే ఏంటండీ?"

"అదే... ఆ అమ్మాయి వస్తుందా రాదా అని ఎదురుచూశాం కదా. తేలిపోయింది. సంతకం పెట్టేసి బయటపడు మైథిలీ."

ఏడాదిన్నరగా డబ్లిన్ దగ్గరి నేస్‌లోని ఆ ఇంట్లో కాఫీ తాగుతూ, బట్టలు మడతపెడుతూ మాట్లాడుకున్నది ఈ కేసు గురించే. పోర్ట్‌లీష్ శివార్లలో మందులు నిల్వచేసి ఆసుపత్రులకు పంపే కంపెనీలో మైథిలి కంప్యూటర్ సిస్టమ్స్ లీడ్. ఆమె పైన డెక్లన్ అనే మేనేజరు. మీటింగుల్లో ఆమె మాట్లాడి ఆపగానే, అదే వాక్యాన్ని తల అటూ ఇటూ ఊపుతూ, ఆమె యాసను సాగదీసి మళ్ళీ చెప్పేవాడు. అందరూ నవ్వేవారు. ఒకరోజు క్యాంటీన్ ఫ్రిజ్‌లో ఆమె లంచ్ బాక్సు మీద, రసాయనాల డబ్బాలకు అంటించే పసుపుపచ్చ ప్రమాద హెచ్చరిక స్టిక్కర్ కనిపించింది. ఫిర్యాదు చేస్తే హెచ్.ఆర్. వాళ్ళు "బ్యాంటర్" అన్నారు. సరదాకి చేశార్లే అన్నట్టు. ఆ తర్వాత మీటింగులకు పిలవడం మానేశారు. చేతిలోని ప్రాజెక్టు తీసేసుకున్నారు. నిద్రపట్టక, తిండి సహించక ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు వెళ్తే ఆవిడ సెలవు రాసిచ్చింది. అప్పట్నుంచి మైథిలి ఇంట్లోనే ఉంది.

డెక్లన్ ఆ స్టిక్కర్ అంటిస్తుండగా చూసిన మనిషి, అదే టీమ్‌లో పనిచేసే ధరణి ఒక్కతే.

"ఆ పిల్లని ఈ టేబుల్ దగ్గరే కూర్చోబెట్టి ఆ ఉద్యోగం ఇంటర్వ్యూకి తయారుచేశాను. డిపాజిట్‌కి డబ్బు కూడా లేక గది దొరక్కపోతే మనింట్లో పెట్టుకున్నాం. ఉగాదికి వచ్చి నా చీర కట్టుకుని ఫొటోలు దిగింది. నా మీద ఇలా ఎలా రాసిచ్చిందండీ?"

"చిన్నపిల్ల. వర్క్ పర్మిట్ మీద ఉంది. భయపడి ఉంటుంది."

"భయపడితే ఆ మాటే నాతో అనొచ్చుగా! ఎన్నాళ్ళుగా చేస్తున్నాను, ఫోనెత్తదు. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంటుంది."

చక్రధర్ ఇయర్‌ఫోన్ మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. అతని స్క్రీన్ మీద మీటింగేదీ నడవడం లేదు.

వీధి తలుపు తెరుచుకుంది. పదిహేనేళ్ళ ఐశ్వర్య స్కూలు బ్యాగు మెట్ల మీద పడేసి లోపలికొచ్చింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"వాట్స్ ద స్టోరీ, మమ్?"

"ధరణి సాక్ష్యం చెప్పదట."

"నో వే! షీ సా హిమ్ డూ ఇట్!" అని తండ్రి వైపు తిరిగింది. "సో వాట్, దే జస్ట్ గెట్ అవే విత్ ఇట్?"

"నువ్వు పైకెళ్ళు ఐషూ."

"ఐ'మ్ ఓన్లీ ఆస్కింగ్, డాడ్."

"పైకెళ్ళమన్నానా!"

చక్రధర్ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. కూతురు మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మైథిలి గోడకున్న కారు తాళాలు తీసుకుంది.

"ఎక్కడికి?"

"పోర్ట్‌లీష్. దాని మొహం చూసి అడుగుతాను."

చక్రధర్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడబోయి గోడకు తగిలి ఆగింది. "వద్దు. ఇప్పుడు నువ్వు సాక్షిని కలిస్తే బాగుండదు. లాయర్ని అడిగావా?"

"తను ఇప్పుడు సాక్షి కాదుగా."

"మైథిలీ, నా మాట విను. వెళ్ళకు."

ఆ గొంతులో ఉన్నది తన మీద బెంగ అనుకుంది మైథిలి. కాస్త మెత్తబడింది కూడా. "త్వరగానే వచ్చేస్తాను. అన్నం కుక్కర్‌లో పెట్టేయండి," అని బయటికి నడిచింది.

* * *

జూన్ సాయంత్రం. ఎండ ఇంకా నడినెత్తిన ఉన్నట్టే ఉంది. మోటార్‌వే మీద పోర్ట్‌లీష్ దాకా అనాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుంది మైథిలి. విశ్వాసం లేనిదానా అని ఒకసారి, నీకు నేనేం తక్కువ చేశానని ఇంకోసారి.

ధరణి ఇంకో ముగ్గురితో కలిసి ఉంటున్న ఇల్లు అది. తలకు తువ్వాలు చుట్టుకుని తలుపు తీసిన పిల్ల, ఎదురుగా మైథిలిని చూసి అలాగే నిలబడిపోయింది.

"మైథిలక్కా! రాండ్రి... లోపటికి రాండ్రి."

గదిలో ఒకే కుర్చీ. దాని మీది బట్టలు తీసి మంచం మీద పడేసింది. "కూసోండ్రి అక్కా. చాయ్ పెడ్త."

"కూర్చోడానికి రాలేదు. నా మొహం చూసి చెప్పు ధరణీ. వాడు ఆ స్టిక్కర్ అంటించడం నువ్వు చూళ్ళేదూ?"

ధరణి కిటికీ వైపు చూసింది. "చూసిన."

"చూసి, చూళ్ళేదని రాసిచ్చావా?"

"మరేం రాయాల్నక్కా?" అంది ధరణి. గొంతులో బెదురు లేదు. ఉక్రోషం ఉంది. "మీరేమో సెటిల్ చేసుకొని పోవడ్తిరి. నేనాడ్నే పని జెయ్యాలె. డెక్లన్ ముంగటనే కూసోవాలె. నన్ను ముంగట వెట్టి మీరు పక్కకు తప్పుకుంటున్రని తెలిసినంక నేనేం జేస్త?"

"నేను సెటిల్ చేసుకుంటున్నానని నీకెవరు చెప్పారు?"

ధరణి అయోమయంగా చూసింది.

"బావనే చెప్పిండు గదక్కా."

వంటింట్లో ఎవరో పోపు వేస్తున్నారు. ఆ చిటపటలు, ధరణి మాటలు మైథిలి చెవిలో కలగలిసిపోయాయి.

"ఏ బావ?"

"ఏ బావేందక్కా, చక్రి బావ. పోయిన నెలల వచ్చిండు. ఇంటికి రానన్నడు. ఊరి బయట పెట్రోల్ బంకు కాడ కాఫీ తాగినం. మీ అక్క కేసు వాపస్ తీసుకుంటుంది, నిన్ను ఇంత దూరం తెచ్చి ఇప్పుడీ మాట చెప్పనీకి మొహమాటపడుతుంది, నువ్వు ఫోన్లు చేసి ఇంక ఇబ్బంది పెట్టకు అన్నడు. సాక్ష్యం అనుకుంట నువ్వొక్కదానివే మిగుల్తవ్, పర్మిట్ రెన్యూవల్ ఉన్నది, జాగ్రత్త అన్నడు."

మైథిలి కుర్చీలో కూర్చుంది.

"అందుకా నా ఫోనెత్తలేదు?"

"కోపమొచ్చిందక్కా. ఆ మాట మీరే చెప్తే ఏమైతుండె? బావను పంపుడేంది అనుకున్న. మీ ఇద్దరి మాట ఒక్కటే అనుకున్న. ఎవరైనా గట్లనే అనుకుంటరు గదా?"

ఎవరైనా అలాగే అనుకుంటారు. మైథిలి కూడా ఈ క్షణం వరకూ తమ ఇద్దరి మాటా ఒక్కటేననుకుంది.

ధరణికి అప్పటికి అర్థమైంది. తువ్వాలు జారి తడి జుట్టు భుజాల మీద పడింది. మైథిలి ముందు కింద కూలబడి ఆమె మోకాళ్ళు పట్టుకుంది.

"మీకు తెల్వదా అక్కా? అయ్యో... నేను సోమవారం వస్త. అబద్ధం రాసిచ్చిన, తప్పయింది అని చెప్త. మీరు రమ్మంటే వస్త."

"అలా చెబితే ఆ తర్వాత నిన్ను ఉంచుతారా?"

ధరణి తల అడ్డంగా ఊపింది. "ఉంచరు," అంది. "అబద్ధాలకోరని తీసేస్తరు. పర్మిట్ పోతది. అయినా వస్త."

ఆ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. దారంతా పేర్చుకుని తెచ్చుకున్న తిట్లలో ఒక్కటీ వాడలేదు మైథిలి. తువ్వాలు తీసి ఆమె జుట్టు తుడిచింది. జలుబు చేస్తుంది, ఆరబెట్టుకో అంది. ఎందుకో ఆ మాటే వచ్చింది.

* * *

ఆమె ఇల్లు చేరేసరికి చక్రధర్ వెనక పెరట్లో ఆరిన బట్టలు తీస్తున్నాడు. వెలుతురు తగ్గలేదు. పక్కింటివాళ్ళ కుక్క కంచె అవతల అటూ ఇటూ తిరుగుతోంది.

ఆమె గడప దగ్గర నిలబడటం చూసి, చేతిలోని దుప్పటి సగం మడతలో ఆపేశాడు. ఏమీ అడగలేదు. అడగకపోవడంతోనే ఒప్పుకున్నట్టయింది.

"పెట్రోల్ బంకు దగ్గర కాఫీ బాగుందా?" అంది మైథిలి.

"లోపలికి పద. మాట్లాడుకుందాం."

"ఇక్కడే."

"ఐషు వింటుంది."

"విననీ."

అతను దుప్పటి బుట్టలో పెట్టాడు. "మార్చిలో నువ్వు మోటార్‌వే పక్కన కారాపి ఫోన్ చేశావు. చేతులు వణుకుతున్నాయి, ఎక్కడున్నానో తెలీడం లేదన్నావు. నేను వచ్చేసరికి లారీలు పోతున్న పక్క తలుపు తీసుకుని కూర్చున్నావు. ఆ రోజు నాకేమనిపించిందో నీకు తెలుసా? ఈ కేసు గెలిచేలోపు నువ్వు మిగలవనిపించింది."

"ఆ మాట నాతో అనాల్సింది."

"ఎన్నిసార్లన్నాను! విన్నావా? రాజీ అంటే చాలు, శత్రువుని చూసినట్టు చూసేదానివి. ఏదో ఒకటి చెయ్యకపోతే నువ్వు ఆగవు. అందుకే..."

"అందుకే నా పేరు మీద అబద్ధం చెప్పారు."

"నీ మంచికే చెప్పాను."

"నేను పిరికిదాన్నని, ఆ పిల్లని ఊబిలో దింపి పారిపోతున్నానని చెప్పడం నా మంచికా? అది నన్ను నెలంతా అలాగే అనుకుంది. నేనేమో దాన్ని విశ్వాసం లేనిదనుకున్నాను. మీరు ఆ టేబుల్ దగ్గర కూర్చుని నా ఏడుపు విన్నారు. ఈ మధ్యాహ్నం కూడా! చిన్నపిల్ల, భయపడి ఉంటుందీ అన్నారు."

చక్రధర్ తీగ మీద మిగిలిన క్లిప్పులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుంటున్నాడు.

"మా మొదటి ఆఫీసులో నన్నేమని పిలిచేవాళ్ళో తెలుసా నీకు?" అన్నాడు ఉన్నట్టుండి.

అతని చేతిలోంచి క్లిప్పొకటి జారి గడ్డిలో పడింది.

"చికెన్. చక్రధర్ అని నోరు తిరగట్లేదని చికెన్ అన్నారు. నేను గదిలోకి వస్తే రెక్కలు కొట్టుకుంటున్నట్టు మోచేతులు ఆడించేవాళ్ళు. అక్కడున్నన్నాళ్ళూ అంతే. నేనూ నవ్వాను మైథిలీ. నవ్వి, ప్రమోషన్ తెచ్చుకుని, ఈ ఇల్లు కొన్నాను. నా కోసం ఎవరూ విచారణ పెట్టలేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఈ సంగతి వినలేదు. వేరే రోజైతే దగ్గరకు వెళ్ళి చెయ్యి పట్టుకునేది. ఇవాళ గడప దగ్గరే ఉండిపోయింది.

"అయితే నేనూ నవ్వాల్సిందా?"

అతను వంగి బుట్టలోని దుప్పటి సర్దాడు.

"నేను గెలిస్తే, నువ్వు నవ్వినందుకు సిగ్గుపడాల్సి వస్తుంది. అదే కదా నీ భయం?"

చక్రధర్ చప్పున తలెత్తాడు. ఆ మాటకు కాదు. ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"నువ్వా?" అన్నాడు.

"డెక్లన్ నన్ను వెక్కిరించాడు. వాడు నాకేమవుతాడని బాధపడను? నువ్వు నా పక్కన పడుకుని నా సాక్షిని పంపించేశావు."

పైన కిటికీ మూసిన చప్పుడైంది. ఇద్దరూ తలెత్తి చూశారు. పరదా కదులుతోంది.

* * *

మర్నాడు మధ్యాహ్నం నేస్‌లోని లాయరు ఆఫీసు దాకా చక్రధరే దింపాడు. "నేనూ పైకి రానా?" అని అడిగితే ఆమె తలుపు మూసి వెళ్ళిపోయింది.

జెస్సికా మాట నిదానం, చూపు సూటి. మైథిలి కూర్చోగానే టీ ఇచ్చి, "నిర్ణయించుకున్నారా?" అంది.

"వాళ్ళు క్షమాపణ చెప్తారా?"

"చెప్పరు. తప్పు ఒప్పుకోకుండా రాజీ పడుతున్నామనే రాస్తారు. వేరే ఉద్యోగం కోసం మంచి సిఫారసు ఇస్తారు. మీరు మాత్రం ఆ ఉద్యోగంలోకి వెనక్కి వెళ్ళలేరు."

ఆ కంపెనీ గోదాములో ఏ అరలో ఏ మందు ఉందో, ఏ ఆసుపత్రికి ఏది ఎప్పుడు చేరాలో చూసే పద్ధతిని మొదటి నుంచీ కట్టింది మైథిలి. ఇక దాన్ని ఎవరో నడుపుతారు. డెక్లన్ ఆ గదిలోనే ఉంటాడు.

"సంతకం పెడతాను," అంది. "కానీ ఒకటి రాయించాలి. ధరణిని డెక్లన్ కింద నుంచి తీసి డబ్లిన్ ఆఫీసుకి మార్చాలి. ఈ కేసులో అటు చెప్పినా ఇటు చెప్పినా, ఆ కారణంగా ఆమె ఉద్యోగం జోలికి రాకూడదు."

జెస్సికా కలం ఆపింది. "మిమ్మల్ని చివరి నిమిషంలో వదిలేసిన మనిషి కోసమా?"

"నన్ను వదిలేసింది తను కాదు."

లాయరు ఆమె మొహంలోకి చూసింది. ఇంకేమీ అడక్కుండా ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. గోడ అవతల ఆమె గొంతు ఒకసారి పెరిగింది, ఒకసారి తగ్గింది. మైథిలి టీ చల్లారిపోయింది. తిరిగి వచ్చేసరికి జెస్సికా బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"ఒప్పుకున్నారు. విచారణ తప్పించుకోవాలని వాళ్ళకీ తొందరగానే ఉంది."

తర్వాత షరతులు ఒక్కొక్కటే చదివి వినిపించింది. చివర్లో గోప్యత. ఈ రాజీలో ఏముందో ఎవరికీ చెప్పకూడదు. లాయరుకి, డాక్టరుకి, జీవిత భాగస్వామికి తప్ప.

"ఆ చివరిది తీసేయండి," అంది మైథిలి.

"ఏది?"

"జీవిత భాగస్వామి."

"అది మీ సౌకర్యం కోసమే మైథిలీ. అందరికీ అలాగే రాస్తాం. ఇంట్లో కూడా చెప్పుకోలేకపోతే మనుషులు తట్టుకోలేరు."

"నాకు ఆ సౌకర్యం వద్దు."

జెస్సికా కాసేపు కలం తిప్పుతూ కూర్చుంది. అవతలి వాళ్ళకు అభ్యంతరం ఉండదని, అయినా ఒక్కసారి కిందికెళ్ళి గాలి పీల్చుకుని రమ్మని అంది. అక్కర్లేదంది మైథిలి. ఆ మాట కొట్టేసి, మళ్ళీ అచ్చు తీశాకే సంతకం చేసింది.

కాలువ ఒడ్డున కార్ పార్కులో చక్రధర్ కారు దిగి నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి నాలుగడుగులు ఎదురొచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏమైంది? సెటిల్ అయిందా? సోమవారం ఉందా, లేదా?"

"చెప్పకూడదు."

"ఎవరికీ చెప్పకూడదు, సరే." అలసటగా నవ్వబోయాడు. "ఇంట్లోవాళ్ళకి చెప్పొచ్చు కదా. మా ఆఫీసులో ఒకాయన కేసులో చూశాను, భార్యకి చెప్పుకోవచ్చని ఉంటుంది. నాక్కూడా చెప్పకూడదా?"

"అందులో నీ మాట ఉండేది. తీసేయించాను."

చక్రధర్ చెయ్యి కారు తలుపు మీదే ఉండిపోయింది. కాలువలో హంస ఒకటి గట్టు వెంబడి వచ్చి, ఇద్దరి దగ్గరా ఏమీ లేదని చూసి, వెనక్కి తిరిగింది.

"ఐషు అడిగితే ఏం చెప్పాలి?" అన్నాడు.

"నువ్వు చేసింది నువ్వు చెప్పు. అది చెప్పొద్దని ఎవరూ సంతకం తీసుకోలేదు."

"చెప్తే... దాని మొహం ఎలా చూడను మైథిలీ?"

ఆమె అతన్ని దాటుకుని ఊళ్ళోకి వెళ్ళే దారి పట్టింది. వెనక నుంచి అతని ఫోన్ మోగడం వినిపించింది. రెండోసారి మోగాక ఎత్తాడు.

"ఐషూ," అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ అదే పేరు అన్నాడు.